పిల్నామ్ ఊపిరి

మాసాన్, 1977 మార్చి 6

పిల్నామ్ అక్కకి,

నాయనమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? చలి తగ్గింది కాబట్టి మళ్ళీ సముద్రంలో మునుగుతానని హడావుడి చేస్తూ ఉంటుంది. పట్టుకుని కూర్చోబెట్టు. ఆ వయసులో ఇంకా నత్తల కోసం మునగడమేమిటి?

నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. విషయం చెప్పేస్తాను. మా ఫ్యాక్టరీవాళ్ళు ఊళ్ళో హైస్కూలుతో మాట్లాడి, మా కోసం సాయంత్రం తరగతులు పెట్టిస్తున్నారు. షిఫ్టు దిగి నేరుగా క్లాసుకి పోవడమే. మూడేళ్ళు చదివితే అందరికీ ఇచ్చే హైస్కూలు సర్టిఫికెట్టే మాకూ ఇస్తారు. ఆ కాగితం ఉంటే జీతం గ్రేడు మారుతుంది. కొత్తవాళ్ళకి పని నేర్పే శిక్షకురాలి ఉద్యోగానికీ అదే కావాలి. నేర్పే పని ఇప్పుడూ నేనే చేస్తున్నాను, జీతం మాత్రం లైనులో కూర్చున్నదాని జీతం.

అయితే మిడిల్ స్కూలు పాసైనవాళ్ళకే సీటు. ఇక్కడి లెక్క ప్రకారం నేను పాసైనదాన్నే కదా, నీ పేరుతో. ప్రైమరీ కాగితంతో ఈ గేటు లోపలికి రానివ్వరని, పెదనాన్న కూతురివైనా సొంత అక్కలా నీ సర్టిఫికెట్టు నా చేతిలో పెట్టి, "పని దొరికేదాకా వాడుకోవే" అన్నావు. పని దొరికి రెండేళ్ళయింది. ఇప్పుడు దాని మీద ఇంకో సర్టిఫికెట్టు తెచ్చుకోనా అని అడుగుతున్నాను. సిగ్గుగానే ఉంది.

పని సంగతి చెప్పలేదు కదూ. రేడియో లోపల తీగలకి టంకం వేయడం. కొత్త పిల్లలు ఆత్రంగా కడ్డీ ఆనించేసి పక్కనున్న ముక్క కూడా కాల్చేస్తారు. వాళ్ళకి చూపించీ చూపించీ విసిగిపోయి, ఒకరోజు నాయనమ్మ మనకి మునగడం నేర్పింది గుర్తొచ్చి, "మెల్లగా ఊపిరి పీలుస్తూ ఆనించండి, వదులుతూ తీసెయ్యండి" అన్నాను. అంతే, చేతులు కుదురుకున్నాయి. ఇప్పుడు లైనంతా దాన్ని పిల్నామ్ ఊపిరి అంటోంది. నీకు తెలియకుండానే నీ పేరు వెలిగిపోతోంది.

ఊఁ అను. గడువు నెలాఖరు వరకే.

నీ చెల్లెలు
మల్సున్


కోజె, 1977 మార్చి 15

ఒసే దొంగ పిల్నామ్,

నా పేరుకి నేనే ఉత్తరం రాస్తుంటే పోస్టాఫీసాయన చూసే చూపు నీకేం తెలుసు! "నీకు నువ్వే రాసుకుంటున్నావా అమ్మాయ్?" అన్నాడు. "ఒంటరిదాన్ని బాబాయ్, ఇంకెవరు రాస్తారు?" అన్నాను.

ఊఁ. వందసార్లు ఊఁ. నేనిక్కడ నెత్తళ్ళ చేపలు ఎండబెట్టుకుంటూ ఉంటే నా పేరు హైస్కూలుకి పోయి చదువుకొస్తుందంటే వద్దంటానా? ఒక్కటే షరతు. లెక్కల్లో నాకు ఎన్నడూ అరవై దాటలేదు. నువ్వు తొంభైలు తెచ్చి నా చరిత్ర పాడుచేయకు.

ఇక్కడ కొత్త ఓడల యార్డు కోసం కొండ పేలుస్తున్నారు. ఎండబెట్టిన నెత్తళ్ళ మీద దుమ్ము. మా నాన్న రోజూ వాళ్ళని తిట్టి, సాయంత్రం వాళ్ళ మేస్త్రీలకే చేపలు అమ్ముకుని వస్తున్నాడు.

ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. ముఖ్యంగా నాయనమ్మకి. ఆవిడకి చెప్పడం, లౌడ్‌స్పీకర్ పెట్టడం ఒకటే.

అసలు పిల్నామ్


మాసాన్, 1978 జూన్ 11

అక్కా,

ఇన్నాళ్ళూ రాయలేదని తిట్టుకో. క్లాసులో కళ్ళు తెరుచుకుని నిద్రపోవడం నేర్చుకున్నాను. అన్నిటికంటే లెక్కలు వేసే పూసల చట్రం నాకు బాగా పట్టుబడింది. వేళ్ళు ఎలాగూ చురుకే కదా, పూసలు టకటకా పరిగెడుతున్నాయి. పోయిన పరీక్షలో నీకు తొంభై నాలుగు. క్షమించు.

కానీ మనసు బాగాలేదు. నేను నేర్పిన పిల్లలు తొందరగా చేయి తిరిగి లైను వేగం పెరిగింది. సూపర్‌వైజరు బోర్డు మీద కొత్త టార్గెట్ రాశాడు. ఇదివరకు సాయంత్రానికి చేసేది ఇప్పుడు టీ వేళకే అయిపోవాలి. జీతం మాత్రం అక్కడే ఉంది. భోజనాల దగ్గర ఒకమ్మాయి అందరూ వినేలా అంది: "పిల్నామ్ అక్క ఊపిరి నేర్పింది, కంపెనీ ఊపిరి తీస్తోంది."

మెలకువ నేర్పకుండా ఉంటే కొత్త పిల్లలు ముక్కలు కాల్చి తిట్లు తింటారు. నేర్పితే అందరి మీదా బరువు పడుతుంది. వెళ్ళి సూపర్‌వైజరుని అడిగాను, పని పెరిగింది కాబట్టి జీతం పెంచాలి కదా అని. "గ్రేడు చదువుని బట్టి వస్తుంది, ముందు నువ్వు హైస్కూలు పూర్తి చెయ్యి" అన్నాడు. నేను అడిగింది అందరి గురించి. ఆయన చెప్పింది నా గురించి.

క్లాసులో కూర్చుంటే లైను గుర్తొస్తుంది, లైనులో కూర్చుంటే క్లాసు. ఎక్కడా కుదురుగా లేను.

మల్సున్


కోజె, 1978 అక్టోబరు 9

మల్సున్,

నువ్వు చదువుకుంటున్నావని సంతోషించాను గానీ ఇంత ఎత్తుకి ఎదుగుతావనుకోలేదు.

నాయనమ్మ ఎవరికీ చెప్పకుండా ఎండు నెత్తళ్ళ మూట నెత్తిన పెట్టుకుని లాంచీ ఎక్కి మాసాన్ వచ్చింది. మీ గేటు దగ్గర మల్సున్‌ని పిలవమని అడిగితే, అలాంటి మనిషే లేదన్నాడట వాచ్‌మన్. ఆవిడ నేల మీద కూలబడి, "నా మనవరాలిని ఏం చేశార్రా!" అని ఏడ్చిందట. అంతలో షిఫ్టు వదిలారు. నువ్వు నలుగురు పిల్లలతో నవ్వుకుంటూ ఎదురుగా వచ్చావు. "మల్సునా! ఒసే మల్సునా!" అని గొంతు చించుకుంటే, తల కూడా తిప్పకుండా వెళ్ళిపోయావట.

వచ్చినప్పటినుంచీ గోడవైపు తిరిగి పడుకుంది. "దానికి పట్నం నీళ్ళు పట్టాయి, నా దగ్గర చేపల కంపు కొడుతుంది" అంటోంది. మా అమ్మ ఎంత చెప్పినా వినదు. మీ అమ్మ ఏడుస్తోంది. నేను నిజం చెప్పలేను, అబద్ధం కుదరడం లేదు.

భయపడితే భయపడ్డావు. నాలుగడుగులు వేశాక సందులోకి తీసుకెళ్ళి చేయి పట్టుకోలేకపోయావా?

పిల్నామ్


మాసాన్, 1978 అక్టోబరు 16

అక్కా,

నీ ఉత్తరం చదివేదాకా నాయనమ్మ వచ్చిందనే నాకు తెలియదు.

ఆ రోజు గుర్తుంది. ఎవరో ముసలావిడ ఎవరినో పిలుస్తోంది. గొంతు ఎక్కడో విన్నట్టే అనిపించింది. కానీ ఆ పేరు నాది అనిపించలేదు. భయపడి దాక్కున్నానంటే నీకు కాస్త నమ్మబుద్ధి అవుతుందేమో. నాకైనా అదే బాగుండేది. నిజం అంతకంటే చెడ్డది అక్కా. మూడున్నరేళ్ళుగా నిద్రలో లేపినా పిల్నామ్ అంటేనే లేస్తున్నాను. మల్సున్ అంటే ఎవరో పక్కింటి పిల్ల అన్నట్టు నడిచి వెళ్ళిపోయాను.

ఇది నాయనమ్మకి ఎలా చెప్తావు? చెప్పకు. నాకు పొగరనే అనుకోనీ. ఇంకొక్క ఏడాదిన్నర. సర్టిఫికెట్టు చేతికొస్తే, శిక్షకురాలి గ్రేడు వస్తే, అప్పుడు వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుంటాను.

నెత్తళ్ళ మూట వాచ్‌మన్ దగ్గరే ఉందట. తెచ్చుకున్నాను. గదిలో ఎవరికీ పెట్టలేదు.

మ.


కోజె, 1980 ఫిబ్రవరి 20

చెల్లీ,

అయితే మూడేళ్ళూ గట్టెక్కావన్నమాట! మెచ్చుకోకుండా ఎలా ఉంటాను?

ఒక పని చేసిపెట్టు. ఆ సర్టిఫికెట్టు నకలు ఒకటి నాకు పంపు. పెళ్ళిళ్ళ పేరమ్మ సంబంధాలు తెస్తోంది. ఈ రోజుల్లో యార్డులో పనిచేసే కుర్రాళ్ళు హైస్కూలు చదివిన పిల్ల కావాలంటున్నారట. పేరు నాదే కదా, చూపిస్తే తప్పేముంది?

మన రేవు పూడ్చేశారు. నాన్న పడవ కట్టుకోవడానికి చోటు లేదు. పరిహారం ఇస్తామన్నారు, ఎప్పుడిస్తారో దేవుడికే తెలియాలి.

నాయనమ్మ నీ ఊసెత్తదు. కానీ నీ వాటా నెత్తళ్ళు ఇంకా విడిగా ఎండబెడుతుంది.

అక్క


మాసాన్, 1980 మార్చి 2

అక్కా,

నకలు ఇందులో పెట్టాను. చూస్తే నవ్వొస్తుంది. ఫొటో నాది, పేరు నీది. ఫొటో మరీ మసగ్గా ఉంది, పెళ్ళివాళ్ళు నువ్వేననుకుంటారులే.

నాకు శిక్షకురాలి గ్రేడు ఇచ్చారు! ఈ నెల నుంచి వేరే రంగు టోపీ. పైగా పోట్లాడి ఒకటి సాధించాను. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి మొదటి నెల టార్గెట్ ఉండదు. మేనేజరు మొదట గింజుకున్నాడు. కాలిపోయే ముక్కల ఖరీదు ఆయన ముందు చట్రం మీద లెక్కవేసి చూపించాను. ఊపిరి తీస్తోందన్న ఆ అమ్మాయే మొన్న నా టోపీ సరిచేసి, "బానే ఉన్నావులే" అంది.

ఆ మాటకి ఏడుపొచ్చింది. ఎందుకో తెలియదు.

పెళ్ళికొడుకు పొడుగ్గా ఉండేట్టు చూసుకో.

మల్సున్


మాసాన్, 1980 ఏప్రిల్ 14

పిల్నామ్,

అక్కా అని రాయడానికి చేయి రావడం లేదు.

వైద్య బీమా ఆఫీసు నుంచి మా మేనేజరుకి ఉత్తరం వచ్చింది. ఓక్ పిల్నామ్ అనే మనిషి ఒకే రిజిస్ట్రేషను నంబరుతో మాసాన్‌లో రేడియోలు చేస్తోంది, కోజెలో ఓడల యార్డు గుమాస్తాగా కూడా పనిచేస్తోంది, ఇదెలాగో చెప్పమని. పెళ్ళిసంబంధాలు అన్నావు! ఆ నకలు పట్టుకుని ఉద్యోగంలో చేరావా? ఒక్క ముక్క ముందు నాతో అనలేకపోయావా?

మేనేజరు తలుపు వేసి, "ఇంతకీ ఎవరమ్మా నువ్వు?" అన్నాడు. కోజెలో ఉన్నది మా అక్క అన్నాను. ఆయన చెడ్డవాడు కాదు. "మీ అక్క అక్కడ మానేస్తే పొరపాటు జరిగిందని రాసేస్తాను. నీలాంటి శిక్షకురాలు నాకు మళ్ళీ దొరకదు. ఇద్దరూ ఉంటే మాత్రం నేను కాపాడలేను" అన్నాడు.

మానెయ్. ఆ చదువు నాది. మూడేళ్ళ సాయంత్రాలు నావి. ఆ పూసల మీద పరిగెత్తింది నా వేళ్ళు. నాకు అడ్డు రాకుండా ఇంకో ఉద్యోగం చూసుకో.

మల్సున్


కోజె, 1980 ఏప్రిల్ 14

ముద్దుల చెల్లీ,

నీకో సంగతి దాచాను, తిట్టకు. పెళ్ళి కాదే, ఉద్యోగం! యార్డు సరుకుల గోదాములో గుమాస్తాని. నీలం కోటు వేసుకున్నాను. హైస్కూలు చదివినవాళ్ళకే ఇస్తారు కాబట్టి నీ నకలు చూపించాను. ముందే చెప్తే వద్దంటావని భయం. ఇల్లు ఇప్పుడు నా జీతం మీదే నడుస్తోంది. నాన్న నా ముందు సిగరెట్టు కూడా కాల్చడం లేదు, ఆఫీసరుని చూసినట్టు చూస్తున్నాడు.

కానీ పని మాత్రం చేతకావడం లేదు. బల్ల మీద పూసల చట్రం పెట్టారు. అందరి పూసలూ టకటకలాడుతుంటాయి, నావి మాత్రం ఏదో వెతుక్కుంటున్నట్టు కదులుతాయి. మా పెద్ద గుమాస్తా, "ఏ స్కూలమ్మా మీది?" అన్నాడు. ఉక్కు రేకుల్లో నూటికి ఎంత వృథా పోయిందో రాయాలట. అదెలా చేయాలి? పిల్లలకి చెప్పినట్టు మెల్లగా రాయి. నా ఉద్యోగం నీ జవాబు మీదే ఉంది.

అసలు పిల్నామ్, నకిలీ గుమాస్తా


కోజె, 1980 ఏప్రిల్ 21

మల్సున్,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకుని వెళ్ళాయి. నాది చదివి నువ్వు ఇంకా మండిపడి ఉంటావు.

బీమా సంగతి నా బుర్రకి తట్టలేదు. ఒట్టు. కానీ మానలేను. పడవ లేదు, రేవు లేదు. నాన్న పగలంతా గట్టు మీద కూర్చుని, ఒకప్పుడు నీళ్ళుండిన చోట తిరిగే లారీలని చూస్తుంటాడు.

ఇంకో మాట. చదువు నీదే కావచ్చు, పేరు నాది. పుట్టినరోజున నాకు పెట్టారు. తర్వాత మగపిల్లాడు పుట్టాలని పెట్టినా సరే, నాకే పెట్టారు. ఐదేళ్ళు వాడుకున్నావు, నేను ఒక్క మాట అనలేదు. నీకు చేతులున్నాయి. ఎక్కడ కూర్చున్నా పని దొరుకుతుంది. నాకున్నది ఆ పేరొక్కటే.

పిల్నామ్


మాసాన్, 1980 సెప్టెంబరు 7

పిల్నామ్ అక్కకి,

నేను ఉద్యోగం మానేసి నాలుగు నెలలు దాటింది. కబురు లేదని మీ ఇంట్లో కంగారుపడి ఉంటారు. రాద్దామని కూర్చుని చింపేస్తూ వచ్చాను. ఒక ఉత్తరంలో నిన్ను తిట్టిన తిట్లు పంపి ఉంటే ఓడల యార్డు మునిగిపోయేది.

నీకు చేతులున్నాయి అన్నావు చూడు, ఆ మాటకి నిప్పు తొక్కినట్టయింది. ఈ ఉత్తరాన్నంతా దాని మీద పోట్లాడటానికే మొదలుపెట్టాను. కానీ అది నిజమే, అందుకే అంత మండింది. మేనేజరు దగ్గరికి వెళ్ళి, "పిల్నామ్ నేను కాదు, ఆవిడ కోజెలో ఉంది, ఆవిడ తప్పేమీ లేదు" అని చెప్పి టోపీ బల్ల మీద పెట్టేశాను. ఆయన టోపీ వైపు చూసి, "నువ్వు నేర్పినవాళ్ళు ఉన్నారులే" అన్నాడు. అది ఓదార్పో, నువ్వు లేకపోయినా నడుస్తుందని చెప్పడమో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ముందు నీ లెక్క. ఆలస్యమైంది, ఇప్పటికి ఎవరో చెప్పే ఉంటారు. అయినా చెప్తాను. పాడైన రేకుల బరువుని మొత్తం తెచ్చిన బరువుతో భాగించు. వచ్చినదాన్ని చట్రం మీద రెండు కమ్మీలు ఎడమకి జరిపి చదువు. అదే నూటికి ఎంతో. భాగహారం రాకపోతే రాదని రాయి, వచ్చే ఉత్తరంలో మొదటినుంచీ నేర్పుతాను. సిగ్గుపడకు. మా క్లాసులో నేను మొదటి ఏడాదంతా వేళ్ళ మీదే లెక్కపెట్టాను.

ఇప్పుడు నా సంగతి. మా పాత ఫ్యాక్టరీ ఉన్న ఎగుమతుల జోన్ బయట ఒక రేకుల షెడ్డులో చేరాను. పెద్ద కంపెనీలకి ముక్కలు చేసిపెడతారు. ఓక్ మల్సున్, ప్రైమరీ పాస్ అని నిజమే రాసిచ్చాను. అన్నిటికంటే కింది గ్రేడు. పని వచ్చా అని అడిగితే, ఎక్కడ నేర్చుకున్నావంటారని, రాదన్నాను.

నాకు పని నేర్పమని బోక్‌హీ అనే పిల్లకి అప్పజెప్పారు. పందొమ్మిదేళ్ళుంటాయి, నుదుటి మీద మొటిమలు, మాట్లాడితే చేతులూపుతుంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "నువ్వు పెద్దదానివైనా, ప్రైమరీయే కదా, నేను నిదానంగా చెప్తాలే. కంగారుపడకు" అంది. కడ్డీ చేతికిచ్చి, నా మణికట్టు పట్టుకుంది.

"ఊపిరి మెల్లగా పీలుస్తూ ఆనించు. వదులుతూ తీసెయ్. దీన్ని పిల్నామ్ ఊపిరి అంటారు."

ఎవరు నేర్పారు అని అడిగాను.

"పాత షెడ్డులో ఒక అక్క నేర్పింది. ఆవిడకి ఇంకెవరో నేర్పారట. ఎక్కడో జోన్‌లో పిల్నామ్ అనే ఆవిడ కనిపెట్టిందట. హైస్కూలు చదివిందంట, అందుకే అంత బుర్ర. మనలాంటివాళ్ళకి తడుతుందా ఇదంతా!"

అక్కా, నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఎదురుగా ఉన్న గోడకి కడ్డీ విసిరికొట్టాలనిపించింది. ఇవన్నీ ఒక్కసారే. కడ్డీ తీయడం మరచిపోయి మొదటి ముక్క కాల్చేశాను. ఐదేళ్ళలో నేను కాల్చిన ముక్క అదే అయి ఉంటుంది. బోక్‌హీ తిట్టలేదు. "మొదట్లో అందరికీ అంతే" అని ఇంకో ముక్క ముందు పెట్టింది. నేను నా పిల్లలకి చెప్పిన మాట కూడా అదే.

నేనేనని చెప్పలేదు. చెప్తే నమ్మదు. నమ్మినా, నాకు ఏ పేరుతో చెప్పాలో తెలియదు. అది నీ పేరుతో ఊరంతా తిరుగుతోంది, తిరగనీ. నేర్చుకున్న పిల్లల చేతులు కాలకపోతే చాలు అని అనుకోవాలని చూస్తున్నాను. కొన్ని రోజులు అనుకోగలుగుతున్నాను, కొన్ని రోజులు లేదు.

మిడిల్ స్కూలు పరీక్షకి ప్రైవేటుగా కట్టాను. హైస్కూలు పాసైనదాన్ని మళ్ళీ ఆ పుస్తకాలు తీసుకుని కూర్చుంటే చిన్నపిల్లల బట్టలు తొడుక్కున్నట్టుంది. అయినా ఈసారి మార్కులు ఎన్ని తెచ్చుకున్నా ఎవరి చరిత్రా పాడవదు.

నాయనమ్మకి మొత్తం చెప్పెయ్. ఇక దాచడానికి ఏమీ లేదు. లౌడ్‌స్పీకర్ పెట్టినా పెట్టనీ. వీలైతే లాంచీ ఎక్కించి తీసుకురా. మా షెడ్డుకి గేటు లేదు, వాచ్‌మన్ లేడు. రోడ్డు మీద నిలబడి ఎంత గట్టిగా అరిచినా అడిగేవాడు లేడు.

జవాబు రాసేటప్పుడు కవరు మీద ఓక్ మల్సున్ అని రాయి. ఉత్తరాలొస్తే ఇక్కడ మేస్త్రీ పేర్లు పెట్టి పిలుస్తాడు. మొన్న ఒకసారి నా పేరు రెండుసార్లు పిలిచాక గానీ, బోక్‌హీ మోచేత్తో పొడిచాక గానీ నేను తిరగలేదు. నాయనమ్మ వచ్చేలోగా మొదటి పిలుపుకే తిరగడం నేర్చుకోవాలి.

నీ చెల్లెలు
మల్సున్